మొదటి కొండ కొండవీడే

గుంటూరు

ఒరే సుబ్బూ,

నీ మెసేజ్ చూసి నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ ఆఫీసు కుర్చీ దిగనివాడివి, మొదటి ట్రెక్కింగే నల్లమలలో కావాలా? అది పులుల అభయారణ్యం రా, మన ఇష్టమొచ్చిన బాట పట్టుకుని పోయే చోటు కాదు. కోటప్పకొండ అన్నావు, కార్తీకంలో ఆదివారం పూట అక్కడ కొండ కంటే జనమే ఎక్కువ కనపడతారు. మంగళగిరి పానకాల స్వామి మెట్లేమో నీకు చిన్నప్పటి నుంచీ తెలిసినవే.

కొండవీడు వెళ్దాం. ఎందుకంటే అది ఎక్కడైనా ఆగిపోగలిగే కొండ. పాత మెట్ల దారిన నడిచి ఎక్కుతాం, కానీ పై దాకా ఘాట్ రోడ్డు ఉంది. నీ మోకాలు మొరాయించిందనుకో, ఏదో ఒక బండి పైకి తెప్పించుకుని దిగిపోవచ్చు. కొత్తవాళ్లకి కొండ ఎత్తు కాదు, "ఇక వెనక్కి పోలేం" అన్న టెన్షనే సగం ఆయాసం.

రెండో సంగతి, మనకి అసలు శత్రువు ఎండ. నవంబరైనా సరే, పది దాటితే బండలు వేడెక్కుతాయి. అందుకే శనివారం రాత్రికే మా ఇంటికి వచ్చెయ్. తెల్లవారుజామున బయల్దేరి ఫిరంగిపురం మీదుగా వెళ్తే వెలుతురు వచ్చేసరికి కొండ కింద ఉంటాం. ఎక్కడానికి రెండు గంటలు పెట్టుకుందాం. పదిన్నరకి ఎక్కడున్నా సరే, అక్కడి నుంచి వెనక్కి. ఈ ఒక్కదాంట్లో నాతో వాదించకు. "ఇంకో మలుపే కదా" అన్న మాట నీ నోట వస్తుందని నాకు తెలుసు.

ఎక్కేటప్పుడు నాతో మాట్లాడుతూనే ఉండు. వాక్యం మధ్యలో ఊపిరి తెగుతోందంటే వేగం ఎక్కువైందని లెక్క, అడుగు తగ్గించు. కూలబడి పదేసి నిమిషాలు కూర్చోవడం కంటే నెమ్మదిగా ఆగకుండా నడవడం మేలు. అసలు కష్టం దిగడంలో ఉంటుంది. బరువంతా మోకాళ్ల మీద, కాలివేళ్ల మీద పడుతుంది. గోళ్లు కత్తిరించుకుని రా. బూట్లు కొత్తవి కొనకు, రోజూ వేసుకునేవే చాలు, అడుగు అరిగిపోకుండా ఉంటే సరి. ఒక జత సాక్స్ అదనంగా పెట్టుకో. చెమటకి తడిసిన సాక్స్‌తోనే బొబ్బలు వస్తాయి.

ఈ రెండు వారాలూ ప్రాక్టీసు కూడా చెయ్యి. బెజవాడలో ఉండి జిమ్ముకి పోతానంటావేంటి? ఇంద్రకీలాద్రి బస్సెక్కకుండా మెట్ల మీదుగా వెళ్లు. దర్శనమూ అవుతుంది, తొడల పట్టూ వదులుతుంది.

పైన ఏముందని అడిగావు. రెడ్డిరాజులు అద్దంకి నుంచి రాజధానిని మార్చుకున్న చోటు అది. కొండ మీద పడ్డ వాన నీటిని చెరువుల్లో పట్టి ఉంచుకున్నారు, ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. నీళ్లుంటేనే కదా ముట్టడిని తట్టుకునేది! అయినా తర్వాత గజపతుల చేతికి పోయిన ఈ కోటని 1515లో కృష్ణదేవరాయలు గెలవనే గెలిచాడు. పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నది ఇక్కడే. ఆయన పల్లకిలో ఎక్కాడో ఏమో, మనకి మాత్రం కాళ్లే దిక్కు. ఆ చెరువుల నీళ్లు చూడ్డానికే, తాగడానికి కాదు. మనిషికి మూడు లీటర్లు మోసుకెళ్దాం, బరువని గొణక్కు.

తిండి మా ఆవిడ చూసుకుంటానంది, పులిహోర, దద్దోజనం. ఉప్పేసిన మజ్జిగ నేను పడతా. చెట్టు నీడ చూసుకుని తింటే వనభోజనం కూడా అయినట్టే. ఉసిరి చెట్టు దొరుకుతుందని మాత్రం మాటివ్వలేను. ఆకులు, సీసాలు అన్నీ కిందికి తెచ్చెయ్యాలి, ముందే చెప్తున్నా. పొదల్లోకి, పాత గోడల సందుల్లోకి చేతులు పెట్టకు, పాములుంటాయి.

ఒకవేళ ఆ వారం అల్పపీడనం అన్నారా, కార్యక్రమం రద్దు. తడి బండల మీద నీతో సర్కస్ చేయించలేను. మళ్లీ వారం చూద్దాం.

చెల్లెమ్మకి మనం ఎటు వెళ్తున్నామో, ఎన్నింటికి తిరిగొస్తామో చెప్పు, నా నంబరు కూడా ఇచ్చి ఉంచు. మీ ఆఫీసు కుర్రాడు కూడా వస్తానన్నాడు కదా, వాడికీ ఈ ఉత్తరం చదివి వినిపించు. వస్తాడో రాడో గురువారం లోపు తేల్చు, పులిహోరకి బియ్యం ఎన్ని పొయ్యాలో ఇక్కడ అడుగుతున్నారు.

నీ
రాంబాబు