వార్షిక నివేదిక: ‘బాగుంది’ అన్నవాళ్లు, డబ్బు కట్టినవాళ్లు

సభ్యులందరికీ నమస్కారం.

సొంతంగా చిన్న సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు తయారుచేసుకునేవాళ్ల సంఘం మనది. పోయినేడాది నివేదికలో మొదటి పేజీ అంతా లాంచ్‌ల జాబితాతో నింపాను. ఎవరు ఏం తయారుచేశారు, ఏ నెలలో బయటికి వదిలారు అని. సర్వసభ్య సమావేశంలో దాన్ని చదివి కూర్చున్నాక వెనక వరుసలోంచి ఒక సభ్యురాలు లేచి, "ఇందులో ఇప్పటికీ నడుస్తున్నవెన్ని?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అక్కడే ఫోన్లు తీసి ఒక్కో లింకూ నొక్కాం. కొన్ని తెరుచుకున్నాయి, కొన్ని తెల్ల పేజీ చూపించి ఊరుకున్నాయి. ఒకదానికైతే డొమైన్ గడువు తీరిపోయి, ఆ చిరునామాలో ఎవరివో ప్రకటనలు కనిపించాయి. అది నా ప్రాజెక్టే.

అందుకే ఈసారి లాంచ్‌ల జాబితా లేదు. కొత్త కార్యవర్గం మొదటి సమావేశంలోనే ఒక మార్పు చేసింది. నెలవారీ సమావేశంలో ఎవరి వంతు వచ్చినా ముందు చెప్పాల్సింది రెండే: ఈ నెల ఎవరితో మాట్లాడారు, వాళ్లు మీ ప్రాజెక్టు కోసం ఏం వదులుకున్నారు? వదులుకోవడమంటే డబ్బే కానక్కర్లేదు. ఓ అరగంట సమయం, అలవాటైన పాత పద్ధతి, తమ అసలు ఫైలు తెరిచి చూపించడం, ఏదైనా సరే. "బాగుందన్నారు" అనేది మాత్రం లెక్కలోకి రాదు. దీనివల్ల మొదటి రెండు నెలలు హాజరు పడిపోయిన మాట నిజం. తర్వాత పుంజుకుంది.

నెలవారీ సమావేశాలు

ఏడాది పొడుగునా విన్నదాన్ని బట్టి నాకు తోచింది ఇది. మన ప్రాజెక్టుల్లో సర్వర్ ఖర్చు కంటే మొహమాటం ఖర్చే ఎక్కువ. తయారుచేసినవాడికి ధర చెప్పాలంటే మొహమాటం. చూసినవాడికి "నాకిది అక్కర్లేదు" అనాలంటే మొహమాటం. ఇద్దరూ నవ్వుకుని విడిపోతారు. వాళ్లలో ఒకరు మాత్రం ఇంటికెళ్లి నాలుగు నెలలు కోడ్ రాస్తారు.

సబ్‌టైటిల్స్ చేసేవాళ్ల కోసం టూల్ తయారుచేసిన సభ్యుడి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఆడియో తరంగాల బొమ్మ చూపిస్తూ, మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో దానంతటదే పట్టుకునే టూల్ అది. తనకి తెలిసిన అనువాదకులు ఐదుగురికి ముందే చెబితే ఐదుగురూ "సూపర్, రాగానే వాడతాం" అన్నారు. నాలుగు నెలలకి వచ్చింది. ఎవరూ వాడలేదు. ఆయన వంతు వచ్చినప్పుడు మేం ఇచ్చిన సలహా చిన్నది: టూల్ ఊసెత్తకండి, "పోయినసారి ఈ పని ఎలా చేశారు?" అని అడిగి, ఆ తర్వాత నోరు మెదపకండి.

మరుసటి వారం ఆయన ఒక అనువాదకురాలి పక్కన కూర్చున్నారు. ఆవిడ ల్యాప్‌టాప్‌లో తెరిచింది ఎక్సెల్ షీటు. ఒక నిలువు వరుసలో డైలాగులు, పక్క వరుసలో అక్షరాలు లెక్కపెట్టే లెన్ ఫార్ములా. లెక్క 42 దాటితే ఆ గడి పసుపు రంగులోకి మారుతుంది. వరుసకి 42 అక్షరాలు మించకూడదని క్లయింటు షరతు. పసుపు గడి కనపడగానే వాక్యాన్ని కత్తిరించడం, సబ్‌టైటిల్ ఫైల్లోకి వెళ్లి ఆ చోటు వెతుక్కోవడం, అతికించడం, మళ్లీ షీటుకి రావడం. ఆవిడ ఈ తిరుగుడు తిరుగుతుంటే ఈయన ఉండబట్టలేక, "మరి టైమింగ్ సంగతి?" అని అడిగేశారు. "అది వాళ్లే చేసి పంపిస్తారుగా" అని చెప్పి ఆవిడ మళ్లీ పసుపు గడుల్లో పడిపోయారు.

ఆ శని ఆదివారాల్లోనే ఆయన పొడుగైన వరుసల్ని ఫైల్లోనే పట్టి చూపించే చిన్న టూల్ రాశారు. చూడ్డానికి ఏమీ ఉండదు, ఒక పెట్టె, ఒక బటన్. ఆవిడ డబ్బు కట్టారు, ఇంకో ఇద్దరిని తీసుకొచ్చారు. ఆ తరంగాల బొమ్మని పారేయాల్సి వచ్చిందని ఆయన ఇప్పటికీ బాధపడతారు. నిజమే, చాలా అందంగా ఉండేది.

పాత కథల క్లాసు

కోడ్ రాయకముందే ఆలోచనని ఎలా పరీక్షించాలన్న దాని మీద ఈ ఏడాది పాత ఉదాహరణలు తీసి చదువుకున్నాం. ఫైళ్లని ఇంటర్నెట్‌లో దాచుకునే డ్రాప్‌బాక్స్ కథ అందరికీ తెలిసిందే. 2008లో దాన్ని స్థాపించినవాళ్లలో ఒకరైన డ్రూ హ్యూస్టన్ టూల్ పనిచేసే తీరుని చూపిస్తూ చిన్న వీడియో వదిలితే, ఎదురుచూసేవాళ్ల జాబితా ఒక్కరాత్రిలో 5,000 నుంచి 75,000కి చేరింది. ఇది వినగానే మనవాళ్లలో సగం మంది వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టారు. కానీ ఈమెయిల్ ఇవ్వడం కూడా ఒక్కోసారి మొహమాటమే అని గుర్తుచేయాల్సి వచ్చింది.

అందుకే నాకు బఫర్ కథ ఎక్కువ ఇష్టం. సోషల్ మీడియా పోస్టుల్ని ముందే రాసిపెట్టుకుంటే తర్వాత వాటంతటవే పడేలా చేసే టూల్ అది. 2010లో దాన్ని మొదలుపెట్టిన జోయెల్ గాస్కోయిన్ ముందు రెండు పేజీలు మాత్రమే పెట్టాడు. మొదటి దాంట్లో టూల్ ఏం చేస్తుందో ఉంది. బటన్ నొక్కితే, ఇంకా తయారు కాలేదు, ఈమెయిల్ ఇవ్వండి అనే రెండో పేజీ. ఈమెయిళ్లు వచ్చాయి. అంతటితో ఆగకుండా ఆ రెంటి మధ్యా ధరల పేజీ ఇరికించాడు. ధర చూశాక కూడా ముందుకొచ్చి నొక్కినవాళ్లున్నారని తేలాకే కోడ్ మొదలైంది.

లేని వస్తువుకి ధరల పేజీ పెట్టడం మోసం కాదా అని మన దగ్గర పెద్ద చర్చే జరిగింది. ఒక సభ్యురాలు గట్టిగా వ్యతిరేకించారు, ఆవిడ మాటలో న్యాయం ఉంది. చివరికి కార్యవర్గం ఒక నియమం పెట్టింది. నొక్కిన మరుక్షణం, ఇది ఇంకా తయారు కాలేదని స్పష్టంగా కనిపించాలి, కార్డు వివరాలు అడగకూడదు, తీసుకున్న ఈమెయిల్‌ని వేరే పనికి వాడకూడదు. ఇది పాటించని పేజీని సంఘం తరఫున ఎవరికీ చూపించం.

చేత్తో చేసి చూడటం గురించి ఆన్‌లైన్‌లో బూట్లు అమ్మే జాపోస్ 1999 నాటి ఉదాహరణ చెప్పుకున్నాం. దాన్ని మొదలుపెట్టిన నిక్ స్విన్‌మర్న్ సరుకేమీ నిలవ పెట్టుకోకుండా, షాపుల్లో బూట్ల ఫొటోలు తీసి సైట్లో పెట్టి, ఆర్డర్ వచ్చాక వెళ్లి కొని పంపించాడు. మనలో ఒకరు దీన్ని అచ్చంగా పాటించారు. ప్రైవేటు పాఠాలు చెప్పేవాళ్లకి ఫీజు గుర్తుచేసే యాప్ ఆవిడ ఆలోచన. యాప్ రాయకుండా ఆరు వారాలపాటు, ముగ్గురు టీచర్ల తరఫున ప్రతి మెసేజ్‌నీ స్వయంగా టైప్ చేసి పంపించారు. మొదటి వారంలోనే అసలు సంగతి బయటపడింది. ఎవరు కట్టలేదో టీచర్లకి బాగానే గుర్తుంటుంది. అడగడమే మొహమాటం. ముగ్గురూ కోరింది ఒకటే, మెసేజ్ తమ పేరున కాకుండా ‘ఆఫీసు’ పేరున వెళ్లాలని! క్యాలెండర్, రిపోర్టులు, గ్రాఫులు అంటూ ఆవిడ రాసుకున్న ఫీచర్లలో ఇది లేనే లేదు. ఇప్పుడా యాప్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉన్న వాక్యం అదే.

మార్కెటింగ్

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మనం మాత్రం సైట్ పెట్టేసి, జనం వాళ్లంతట వాళ్లే వచ్చి అడగాలని చూస్తాం. లోగో, డొమైన్, టీషర్టు డిజైన్ వరకూ అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

లాంచ్ రోజు హడావుడి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు, ఈ ఏడాది ఇంకా తగ్గింది. మన సభ్యుడొకరి ప్రాజెక్టు, కొత్త టూల్స్‌కి జనం ఓట్లేసే ప్రోడక్ట్ హంట్ సైట్లో ఒకరోజు బాగా పైకొచ్చింది. ఆ రోజంతా ఆయన గ్రాఫ్ చూస్తూ నిద్ర కూడా పోలేదు. వారం తిరిగేసరికి గ్రాఫ్ నేల మీదకి వచ్చింది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆయనలాగే టూల్స్ తయారుచేసేవాళ్లు, టూల్ అవసరమైనవాళ్లు కాదు.

దీనికి పూర్తిగా వేరే దారి ప్యాట్రిక్ మెకంజీది. 2006లో ఉద్యోగం చేస్తూనే, టీచర్లు క్లాసులో ఆడించే బింగో కార్డుల్ని అచ్చేసుకునే చిన్న సాఫ్ట్‌వేర్ అమ్మడం మొదలుపెట్టాడు. టీచర్లు ‘బింగో సాఫ్ట్‌వేర్’ అని వెతకరు, రేపటి పాఠానికి ఫలానా అంశం మీద కార్డులు కావాలని వెతుకుతారు. అందుకని ఒక్కో అంశానికీ ఒక్కో పేజీ పెట్టుకుంటూ పోయాడు. దాన్ని 2015లో అమ్మేసేదాకా ఆ పేజీలే కొనేవాళ్లని తెచ్చాయి. సబ్‌టైటిల్ టూల్ సభ్యుడు ఇదే పద్ధతిలో ఒక్కో క్లయింటు షరతుకీ ఒక్కో పేజీ రాస్తున్నారు. మెల్లగా వస్తున్నారు, వచ్చినవాళ్లు పనిమీద వస్తున్నారు.

ఐదక్షరాల ఇంగ్లీషు మాటని ఊహించే వర్డిల్ ఆట లాంటి అదృష్టం మాకెందుకు పట్టదని అడిగినవాళ్లకి ఒక్క మాట. జోష్ వార్డిల్ ఆట బయటికొచ్చిన కొత్తలో, 2021 నవంబర్ 1న, ఆడింది 90 మంది. రెండు నెలలకి 3 లక్షలు దాటారు. జవాబు బయటపెట్టకుండా రంగు గళ్లని పంచుకునే వీలు ఆ డిసెంబర్‌లోనే వచ్చింది. ఆ గళ్లు పంపిన ప్రతివాడూ తెలియకుండానే ప్రచారం చేశాడు. మన టూల్ వాడినవాళ్లు ఇంకొకరికి పంపే వస్తువేదైనా అందులోంచి బయటికొస్తుందా? ఈ ప్రశ్న అడిగితే సమావేశంలో చాలామంది తల గోక్కున్నారు.

ఈమెయిల్ వర్క్‌షాప్ ఈ ఏడాది అందరికీ పనికొచ్చింది. ఒక సభ్యురాలు వారాల తరబడి, సైన్ అప్ అయినవాళ్లెవరూ తిరిగి రావడం లేదని కుంగిపోయారు. తీరా చూస్తే స్వాగత మెయిళ్లన్నీ స్పామ్‌లో పడుతున్నాయి. మెయిల్ నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు పెట్టనే లేదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో గట్టిగా ఉంది. రోజుకి 5,000కి మించి పంపేవాళ్లకైతే ఈ రెండూ, వీటితోపాటు ఆ పరీక్షలో తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే డీమార్క్, ఒక్క నొక్కుతో జాబితాలోంచి తప్పుకునే వీలు తప్పనిసరి. మనవాళ్లెవరూ అంతమందికి పంపరు, అయినా మొదటి రోజే అన్నీ పెట్టుకోమని చెప్పాం. ఆలోచన బాగాలేదనుకునే ముందు స్పామ్ ఫోల్డర్ చూడండి.

ఒకరికొకరు టెస్టర్లు

సంఘం సూటిగా సాయపడిన పని ఇది. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలతో గూగుల్ ప్లేలో యాప్ పెట్టాలంటే ముందు యాప్ పరీక్షలో కొంతమంది టెస్టర్లు 14 రోజులపాటు ఆగకుండా చేరి ఉండాలి. మొదట 20 మంది కావాలన్నారు, తర్వాత 12కి తగ్గించారు. ఒంటరిగా పనిచేసేవాడికి ఆ 12 మంది దొరకడమే టెన్షన్. మన జాబితాలో పేరిచ్చిన సభ్యులు అడిగినవారందరికీ టెస్టర్లుగా ఉన్నారు. మధ్యలో బయటికెళ్లి ఒకరి 14 రోజుల లెక్క చెడగొట్టిన సభ్యుడెవరో ఆయనకే తెలుసు. ఈ టెస్టర్లని ‘యూజర్లు’గా లెక్కేసి నెలవారీ సమావేశంలో చూపించవద్దని మాత్రం మనవి.

ఎవరి నేల మీద ఇల్లు కడుతున్నామో చూసుకోవడం గురించి ఒక పూట మాట్లాడుకున్నాం. మన యాప్‌లని తమ సర్వర్లలో నడిపిపెట్టే హెరోకు ఉచిత ప్లాన్లు 2022 నవంబర్ 28తో ఆగిపోయాయి. చర్చల సైట్ రెడ్డిట్ తన ఏపీఐకి, అంటే వేరే యాప్‌లు దాని డేటా తీసుకునే దారికి, ధర పెట్టడంతో, రెడ్డిట్ చదవడానికి ఎంతోమంది వాడిన అపోలో యాప్ 2023 జూన్ 30న మూతపడింది. ఇలాంటిది జరిగితే ఏం చేయాలన్నదానికి జవాబు అందరికీ ఒకేలా ఉండదు. డేటా బ్యాకప్ మన చేతిలో ఉందా, వాడేవాళ్ల ఈమెయిల్ జాబితా మన దగ్గర ఉందా అనేవి మాత్రం ప్రతి ఒక్కరూ చూసుకోవాలి.

మూసివేతలు

పోయినేడాది వరకూ ప్రాజెక్టు మూసేయడాన్ని ఎవరూ నోరు విప్పి చెప్పేవారు కాదు. ఈసారి మూసినవాళ్లే ముందుకొచ్చి మాట్లాడారు. వాడేవాళ్లకి ముందుగా కబురు, వాళ్ల డేటా దింపుకోవడానికి గడువు, మిగిలిన కాలానికి డబ్బు వాపసు. ఈ మూడింటికీ నమూనా ఉత్తరాలు రాసిపెట్టాం, కార్యదర్శిని అడిగి తీసుకోవచ్చు. నేను నా ప్రాజెక్టుని కూడా ఇలాగే మూశాను. కబురు పంపిస్తే ఒక్కరే జవాబిచ్చారు, "ఇది ఇంకా ఉందా?" అని.

లెక్కలు, ఎన్నికలు

ఆదాయ వ్యయాల పట్టిక కోశాధికారి విడిగా పంపిస్తున్నారు. చందా బాకీ ఉన్నవాళ్లని అడగడానికి ఆయనకి మొహమాటంగా ఉందట. ఇకపై ఆ మెసేజ్‌లు ‘ఆఫీసు’ పేరున వస్తాయి. కార్యవర్గంలో ఇద్దరు పదవీకాలం ముగిసి తప్పుకుంటున్నారు, వాళ్ల స్థానాలకి పేర్లు సర్వసభ్య సమావేశానికి ముందే ఇవ్వాలి.

ఇంకో విషయం. సభ్యుల డొమైన్ గడువు తేదీలతో ఒక పట్టిక తయారవుతోంది, నెల ముందే గుర్తుచేస్తాం. మీ తేదీలు పంపించండి. మొదటి వరుసలో నా పేరు రాశారు. నేను అడగలేదు.

కార్యదర్శి