డచ్, జర్మన్ వ్యాకరణం తెలుగులో రావాలి

సంపాదకులకు నమస్కారం.

విదేశీ భాషలు నేర్పుతామనే ప్రకటనలు పత్రికల్లో తరచూ కనిపిస్తున్నాయి. భాష ఏదైనా పాఠం మాత్రం ఇంగ్లీషులోనే. తెలుగు మీడియంలో చదువుకుని, పెళ్లయ్యాక నెదర్లాండ్స్ వచ్చినదాన్ని నేను. దీనివల్ల పడిన కష్టం చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడ శాశ్వత నివాసం కావాలన్నా, పౌరసత్వం కావాలన్నా సాధారణంగా డచ్ భాషా పరీక్షలు పాసవ్వాలి. ‘ఓమ్‌దాత్’ అంటే ఎందుకంటే. ఆ మాట వస్తే క్రియ ఆ ఉపవాక్యం చివరికి పోతుందని మా క్లాసులో చెప్పారు. ఇంగ్లీషు వాక్యం రాసి, క్రియను బాణం గుర్తుతో చివరికి లాగి చూపించేవారు. నాకు వారాల తరబడి తలకెక్కలేదు. పరీక్షంటేనే టెన్షన్. ఒకరోజు ఇంట్లో కూర్చుని డచ్ మాటల కింద తెలుగు మాటలు రాసుకున్నాను. ‘ఇక్ కోప్ బ్రోత్’ అంటే ‘నేను కొంటాను రొట్టె’. ముందు ఓమ్‌దాత్ చేరిస్తే ‘ఓమ్‌దాత్ ఇక్ బ్రోత్ కోప్’. అంటే ‘నేను రొట్టె కొంటాను కాబట్టి’. అచ్చం మన వరసే! మన ‘కాబట్టి’ చివర వస్తుంది, వాళ్ల ఓమ్‌దాత్ ముందు వస్తుంది, అంతే తేడా. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న వరసను ఇంగ్లీషు చుట్టూ తిప్పి నాకు నేర్పారన్నమాట. ఆ రోజు ఏడుపొచ్చింది.

కాలాల విషయమూ అంతే. నిన్న రొట్టె కొన్నానని చెప్పడానికి డచ్ వాళ్లు ‘ఇక్ హెప్ ఖిస్తెరెన్ బ్రోత్ ఖెకోఖ్త్’ అంటారు. ఇందులో ‘హెప్’ ఇంగ్లీషు ‘హ్యావ్’ లాంటిది, ‘ఖిస్తెరెన్’ అంటే నిన్న, ‘ఖెకోఖ్త్’ అంటే కొని. ‘నిన్న’ అనే మాట ఉంటే ‘హ్యావ్’ రాకూడదని ఇంగ్లీషులో బట్టీపట్టినవాళ్లు ఇక్కడ తడబడతారు. డచ్‌లో ఆ అడ్డు లేదు. ఉపవాక్యంలో ‘ఖెకోఖ్త్ హెప్’ అన్నా, ‘హెప్ ఖెకోఖ్త్’ అన్నా ఒప్పే. మొదటిది మన ‘కొని ఉన్నాను’కి దగ్గర.

తెలుగు వస్తే అన్నీ సులువని అనను. ప్రధాన వాక్యంలో క్రియ రెండో స్థానంలోనే ఉండాలి. ‘రేపు’ ముందు పెడితే ‘మోర్ఖెన్ కోప్ ఇక్ బ్రోత్’ అవుతుంది, అంటే ‘రేపు కొంటాను నేను రొట్టె’. ‘వాంత్’ అన్నా ఎందుకంటే అనే అర్థం, కానీ దాని తర్వాత క్రియ చివరికి పోదు. మనకు అసలు సాధన కావాల్సింది ఇక్కడ. మాకు సమయమంతా ఓమ్‌దాత్ దగ్గరే అయిపోయింది.

జర్మన్ ఉపవాక్యాల్లోనూ క్రియ చివరే వస్తుంది. జర్మనీకి చదువుకోవడానికి వెళ్తున్న మన పిల్లలకూ ఇది పనికొస్తుంది. తెలుగు అకాడమీ, తెలుగు విశ్వవిద్యాలయాలు ఈ రెండు భాషలకైనా తెలుగులో చిన్న వ్యాకరణ పుస్తకాలు తేవాలని కోరుతున్నాను. వాక్యం కింద వాక్యం రాసుకున్న నా నోటుబుక్కులు మూడున్నాయి. ఎవరు పూనుకున్నా వాటి కాపీలు పంపిస్తాను.

– ఒక పాఠకురాలు, ఐండ్‌హోవెన్, నెదర్లాండ్స్