పొందూరు రాట్నం తరఫున అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

మేము రాట్నంపై వడికే ఖాదీ నూలు ధర విషయమై 3 సార్లు ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు రానందున, ఈ మాటను పదిమంది ఎదుట విన్నవించుకుంటున్నాను. పొందూరులో మా పూర్వులు వాలుగ చేప దవడ ఎముకలోని సన్నని పళ్లనే దువ్వెనగా చేసుకుని, గింజ వీడని పత్తిని దువ్వి, నలుసు దులిపి, గింజ తీసి, ఆ తరువాతే దూదిని ఏకులుగా చుట్టి, 100వ నెంబరు (అంటే ఎంతో సన్నని) నూలు దాకా రాట్నంపై వడికారు. (ఇంతకన్న చవకైన పనిముట్టును ఏ ఇంజనీరు చూపగలరో నాకు తెలియదు.) మా అమ్మ కళ్లు మసకబారేదాకా ఆ పనే చేసింది, రోజంతా వడికిన కూలి ఆమె మందులకే చాలకపోవడంతో, నా చెల్లెలు రాట్నాన్ని అటకెక్కించి కూలిపనికి వెళుతోంది. తమరు నూలు ధరను సవరించి, దవడ ఎముకతో పత్తి దువ్వడం నేర్పే శిక్షణను పొందూరులోనే ప్రారంభించాలని, 30 రోజుల్లో లిఖితపూర్వకంగా బదులివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నూలు వడికే తల్లి కుమారుడు,
పొందూరు, శ్రీకాకుళం జిల్లా