వడగళ్లకు రసీదు ఎవరిస్తారు మంత్రి గారూ?

విపత్తు నిర్వహణ చూసే గౌరవనీయ మంత్రి గారికి,

నమస్కారం. వడగళ్లకు దెబ్బతిన్న మా ఇంటి కప్పుకు సాయం కోరుతూ ఇది నా ఐదో విన్నపం. మొదటి నాలుగింటికీ ముద్ర వేసిన రసీదులున్నాయి, జవాబులే లేవు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం హైదరాబాద్ జగద్గిరిగుట్టలోని మా వీధిలో పావుగంట పాటు ఉసిరికాయంత వడగళ్లు పడ్డాయి. రెండు వీధుల అవతల చినుకు లేదు. అర్జీ పట్టుకుని వెళ్తే, ఆ రోజు మా దగ్గర వడగళ్లు పడినట్టు నమోదు కాలేదన్నారు. ఎలా నమోదవుతుందండీ? వర్షమాపకంలో పడ్డ వడగండు కరిగితే నీరే, అదీ వాన లెక్కలోనే కలిసిపోతుంది. డాప్లర్ రాడార్ మేఘంలో వడగళ్లున్నాయని పసిగడుతుంది గానీ అవి ఎవరి కప్పు మీద దిగాయో చెప్పదు. హెచ్చరికేమో ‘జిల్లాలో అక్కడక్కడ’ అని వస్తుంది. ఆ అక్కడక్కడల్లోనే మేమూ ఉంటున్నాం.

పక్కింటి పెద్దమ్మ సాక్ష్యానికని నాలుగు వడగళ్లు స్టీలు గిన్నెలో వేసి ఫ్రిజ్‌లో దాచింది. ఆ రాత్రంతా కరెంటు లేదు. తెల్లారేసరికి సాక్ష్యం నీరుగారిపోయింది.

చివరికి ఒక ఉద్యోగి వచ్చారు, మే నెల ఎండలో. కప్పు కింద నిలబడి పైకి చూసి, రేకులు బాగానే ఉన్నాయి కదా అన్నారు. సిమెంటు రేకుకు తగిలిన దెబ్బ వెంట్రుకంత బీటగా మొదలవుతుంది. అది జూన్ వానల్లో గానీ బయటపడదు. ఇప్పుడు పొయ్యి దగ్గర ఒక బకెట్టు, పిల్లల మంచం పక్కన ఇంకొకటి. పూర్తిగా పగిలింది ఒక్కటే రేకు అట. మాకున్నవి 8. అంటే 12.5 శాతం. కేంద్రం 2022-26కు పెట్టిన విపత్తు సహాయ నిబంధనల్లో పాక్షిక నష్టం కనీసం 15 శాతం ఉండాలి, అప్పుడు పక్కా ఇంటికి 6,500 రూపాయలు. వడగండు ఇంకొంచెం శ్రద్ధగా పడి ఉండాల్సింది! ఆ ఒక్క రేకు మార్చాలంటే పక్క రేకుల బోల్టులు విప్పాలి. పాతికేళ్ల రేకులు విప్పితే అవీ విరుగుతాయి. ఆ శాతం ఎవరు లెక్కిస్తారో చెప్పండి.

థర్మోకోల్ పలకకు పలుచటి అల్యూమినియం ఫాయిల్ చుట్టి డాబా మీద పెడితే వడగండు పడ్డచోట సొట్ట మిగులుతుంది, ఎంత పెద్దదో తెలుస్తుంది. వాతావరణ పరిశోధకులు ఎప్పటినుంచో వాడుతున్న పద్ధతే. ప్రతి ప్రభుత్వ బడి డాబా మీద ఒకటి పెట్టించండి. అది కష్టమైతే, రూపాయి బిళ్ల పక్కన పెట్టి మేం తీసిన ఫోటోలనైనా సాక్ష్యంగా తీసుకోండి. అదీ కాదంటే వానాకాలంలో ఒకసారి మనిషిని పంపండి. దయచేసి ఎండలో మాత్రం పంపకండి.

నాలుగు రసీదుల నకళ్లు జత చేస్తున్నాను. మూడో దాని మీద మరక టీది కాదు, కప్పు నుంచి కారిన నీటిది.

ఇట్లు,
జగద్గిరిగుట్ట రేకుల ఇంటి వాసి