600 గజాల లోపు ఇళ్ల మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరిన ప్రతిసారీ కూల్ రూఫ్, అంటే ఎండ వేడిని తిప్పికొట్టే పైకప్పు మాట పేపర్లలో వస్తుంది, నాలుగు చినుకులు పడగానే మరుగున పడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్లు, అందులో 200 ఒక్క హైదరాబాద్ ప్రాంతంలోనే చల్లటి పైకప్పులు రావాలన్నది లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి చేశారు. ఇళ్లకొచ్చేసరికి 600 గజాలు, ఆపైన ఉన్నవాటికే తప్పనిసరి. అంతకన్నా చిన్న ఇళ్లవాళ్లకు మీ ఇష్టం అన్నారు.

మన నగరంలో 600 గజాల్లో ఇల్లున్నవాళ్లు ఎంతమంది? మల్కాజిగిరి, ఉప్పల్, బోరబండ, జగద్గిరిగుట్ట ఎటు వెళ్లినా అరవై గజాలు, నూరు గజాలు, మహా అయితే రెండొందలు. చిన్న ఇళ్లవాళ్లను బలవంతపెట్టకపోవడం మంచిదే. కానీ బలవంతం లేని చోట సాయమైనా ఉండాలి కదా! అదీ కనబడదు.

మే రెండో వారంలో హైదరాబాద్ మీద సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో ఎండ దెబ్బ గోడలకన్నా స్లాబుకే ఎక్కువ. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా తాగిన వేడిని రాత్రంతా గదిలోకి వదులుతుంది. రాత్రి పదకొండింటికి పై పోర్షన్‌లో మంచమెక్కి సీలింగ్‌కు చెయ్యి ఆనించి చూడండి, ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఫ్యాన్ వేస్తే ఆ వేడి గాలే కిందికి కొడుతుంది. 2017లో నగరంలో పాతిక పేద ఇళ్ల పైకప్పుల మీద వేడిని తిప్పికొట్టే తెల్లటి పొర వేసి పరీక్షించారు. లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపిస్తుంది గానీ, పసిపిల్లలతో పై అంతస్తులో పడుకునేవాళ్లను అడిగితే దాని విలువ చెబుతారు.

పైకప్పు ఒక్కటే చాలదు. పడమటి గోడకు నీడ, కిటికీల మీద సరైన సజ్జలు, తక్కువ కరెంటు తినే ఫ్యాన్లు, ఆ తర్వాతే ఏసీ, సోలార్. ఈ వరస తప్పితే డబ్బు దండగ. ముందు ఏసీ కొంటాం, బిల్లు చూసి టెన్షన్ పడి సోలార్ పెట్టిస్తాం. రెండు వానలకు స్లాబు కారుతుంది, వాటర్ ప్రూఫింగ్ కోసం ప్యానెళ్లన్నీ ఊడదీయాలి! మా వీధిలోనే ఈ తమాషా జరిగింది. అన్నిటికన్నా ముందు స్లాబు చూసుకోవాలని ఆ ఇంటాయనకు చెప్పే దిక్కు లేదు. సోలార్ అతను సోలార్ గురించే చెబుతాడు, పెయింట్ అతను పెయింట్ గురించే చెబుతాడు. కూల్ పెయింట్ పేరుతో మామూలు తెల్ల రంగు కొట్టి పోయేవాళ్లూ ఉన్నారు. డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ, అంటే ఎండను ఎంత బాగా తిప్పికొడుతుందో చెప్పే అంకె, ఎంతుందో చూడాలని, ఏటా ఎండాకాలం ముందు దుమ్మూ పాచీ కడగకపోతే ఆ తెలుపు పనిచేయదని చెప్పేవాళ్లు తక్కువ.

జర్మనీలో అర్హత ఉన్న నిపుణుడు ఇల్లంతా చూసి, ఏళ్ల తరబడి అంచెలంచెలుగా చేసుకునేలా ఏ పని ముందో ఏది వెనకో రాసిస్తాడు. ఆ ఫీజులో కొంత ప్రభుత్వమే భరిస్తుంది. కేఎఫ్‌డబ్ల్యూ అనే ప్రభుత్వ బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. వాళ్ల బాధ చలి, మన బాధ ఎండ. పనులు వేరైనా పద్ధతి మనకూ పనికొస్తుంది.

డబ్బు ఎక్కడిది అంటారు. ప్రభుత్వం ఇప్పటికే ఖర్చు పెడుతోందిగా! పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద 3 కిలోవాట్ల సోలార్‌కు రూ.78,000 సబ్సిడీ ఉంది. రాష్ట్రం గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. కరెంటు పుట్టించడానికీ, పంచడానికీ డబ్బుంది. అవసరం తగ్గించడానికి మాత్రం చిన్న ఇంటికి రూపాయి లేదు. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాన్ మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి, మూడు ఫ్యాన్లకు 60. మే నెలలో 230 వచ్చి జీరో బిల్లు పోగొట్టుకున్న కుటుంబం దీంతో మళ్లీ 200 లోపుకు వస్తుంది. ఏడాది పొడవునా 200 లోపే ఉండే ఇంట్లో మిగిలే ప్రతి యూనిట్ లాభం నేరుగా ఖజానాకే. కాబట్టి ఇలాంటి ఇళ్లకు చేసే సాయం దానధర్మమేమీ కాదు, సర్కారు తన సొంత బిల్లు తగ్గించుకోవడమే.

కూల్ రూఫ్ విధానం తెచ్చినప్పుడు ఆ పైకప్పుకు చదరపు మీటరుకు రూ.300 దాకా అవుతుందన్నారు. అంటే 100 చదరపు మీటర్ల స్లాబుకు 30 వేలు. ఒక్కసారిగా తియ్యాలంటే కష్టమే. కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) ముందు పెట్టుబడి పెట్టి, నెలనెలా కరెంటు బిల్లులో కొంత కొంత వసూలు చేసుకుంటే చాలామంది ముందుకొస్తారు. ఊరంతటికీ కలిపి కొంటే ధర కూడా దిగుతుంది. ఎల్‌ఈడీ బల్బుల విషయంలో చూశాం కదా, 2014లో రూ.310 ఉన్న సేకరణ ధర టోకు కొనుగోళ్లతో మూడేళ్లలో 40 రూపాయల లోపుకు వచ్చింది.

అసలు చిక్కు కిరాయి ఇళ్లది. ఓనరు కింద ఉంటాడు, పైన ఉడికేది కిరాయిదారు, బిల్లు కట్టేదీ అతనే. స్లాబుకు ఖర్చు పెట్టడానికి ఓనరుకు ఏం పట్టింది? పని చేయించి ఫొటోతో, బిల్లుతో చూపించిన ఓనరుకు ఆస్తిపన్నులో రాయితీ ఇస్తే కదలిక వస్తుంది. అపార్టుమెంట్లలో ఉడికేది పై అంతస్తు ఫ్లాటు, టెర్రస్ మాత్రం అందరిదీ. మీటింగు పెడితే "మాకేం లాభం" అంటారు కిందివాళ్లు. ఇలాంటి చోట సాయం అసోసియేషన్‌కే నేరుగా అందాలి.

కరెంటు ఛార్జీల మీద విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణలు జరుపుతుంది. వచ్చే విచారణలో డిస్కం ఎంత కరెంటు కొంటుందన్నదే కాక, చిన్న ఇళ్లలో వాడకం తగ్గించడానికి ఎంత ఖర్చు పెడుతుందో కూడా మండలి అడగాలి. 600 గజాల లోపు ఇళ్లకు ఇంటి తనిఖీ, బిల్లు ద్వారా వాయిదాలు ఈ రెండూ ఒక్క సర్కిల్‌లోనైనా వచ్చే మార్చిలోగా మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్