డి డ్రైవు దొరికింది, బిడ్డా

దేవరకొండ

చిరంజీవి చిన్నబిడ్డకు నాన్న ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోనులో ఏడుస్తూ, నాయనమ్మ ఫోటోలన్నీ నా చేతులతోనే పోగొట్టానని అన్నావు. పోలేదు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయడానికి చోటు చేస్తూ నువ్వు తొలగించినది డి డ్రైవు హద్దుల నమోదును మాత్రమే. మన పాత హార్డ్ డిస్కు మొదటి సెక్టారు (డిస్కులో సమాచారం రాసే చిన్న గడి) 512 బైట్లు. అందులో పార్టిషన్ల (డి డ్రైవు లాంటి డిస్కు భాగాల) పట్టికకు ఉన్నది 64 బైట్లు, అంటే వరుసకు 16 చొప్పున నాలుగు వరుసలు. పహాణీలో పేరు కొట్టివేసినంత మాత్రాన చెలకలోని కందిచేను మాయం కానట్టే, ఆ ఒక్క వరుస చెరిగినంత మాత్రాన ఫోటోలు ఎక్కడికీ పోవు. కానీ ఆ చోటు ఖాళీగా ఉందనుకొని కంప్యూటరు అక్కడ కొత్తవి రాస్తే అది కబ్జాయే, ఇక విడిపించలేము. అందుకే ఆ రాత్రి నిన్ను వెంటనే ఆపి, కంప్యూటరు కట్టేయించాను.

మరునాడు పట్టణంలో ఒక దుకాణంలో చూపిస్తే, ముందు ఫార్మాట్ చేసి తరువాత చూద్దామన్నారు. డిస్కును సంచిలో పెట్టుకొని వచ్చేశాను. టీపన్ (పొలం కొలతల పత్రం) అసలు ప్రతి మీద ఏ సర్వేయరూ పెన్సిల్ పెట్టడు. నేనూ ముందుగా మొత్తం డిస్కుకు మరో డిస్కులో సెక్టారు సెక్టారుగా నకలు తీసి, పనంతా ఆ నకలు మీదే చేశాను.

పోయిన పార్టిషన్లను వెదికిపెట్టే ప్రోగ్రాము, క్రిస్టోఫ్ గ్రెనియర్ రాసిన టెస్ట్‌డిస్క్ ఉచితంగానే దొరుకుతుంది. నల్లటి తెర, మౌస్ పనిచేయదు, బాణం గుర్తుల మీటలతోనే నడవాలి. అయినా ముప్పై ఏళ్లు సర్వేయరుగా గొలుసు లాగినవాణ్ణి కాబట్టి అది చేసే పని నాకు కొత్తగా తోచలేదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలోని పార్టిషన్ తన కొలతలను మొదటి సెక్టారులో రాసుకొని, వాటి నకలును చివరి సెక్టారులో దాచుకుంటుంది. పట్టిక పోయినా, పొలానికి ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి పాతిన హద్దురాళ్లలా అవి మిగిలే ఉంటాయి. టెస్ట్‌డిస్క్ వాటినే వెదికింది. ‘క్విక్ సెర్చ్’ ముగిసేసరికి తెర మీద ఆకుపచ్చ వరుస ఒకటి వచ్చింది. పీ మీట నొక్కగానే మన ఫోల్డర్ల పేర్లు కనిపించాయి: ‘అక్క పెండ్లి’, ‘డిండి చెరువు’, ‘అమ్మ పాస్‌పోర్టు’. పేర్లన్నీ చదువుకొని, తృప్తి కలిగిన తరువాతనే ‘రైట్’ నొక్కి, కంప్యూటరును మళ్లీ మొదలుపెట్టాను.

ఒక్క ‘నాయనమ్మ పాటలు’ మాత్రం లేదు. దానిని నువ్వు చోటు కోసం అంతకు వారం ముందే తుడిచేశావని అక్క చెప్పింది (నాకు చెప్పి ఉంటే కోప్పడేవాణ్ణి కాదు). దానికోసం టెస్ట్‌డిస్క్‌తో పాటే వచ్చే ఫోటోరెక్‌ను నడిపాను. అది పేర్లను పట్టించుకోదు, ఫైలు ఏ బైట్లతో మొదలవుతుందో చూసి పోల్చుకుంటుంది. జేపీఈజీ ఫోటో అయితే ఎఫ్ఎఫ్, డీ8 అనే రెండు బైట్లతో మొదలవుతుంది. దొరికినవాటిని అదే డిస్కులో కాక వేరే డిస్కులో దింపించాను.

నీ కొత్త ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీద రాసే డ్రైవు. అందులో ట్రిమ్ అనే ఏర్పాటు, ఖాళీ అయిన చోట్లను తుడిచేయమని డ్రైవుకు చెబుతూ ఉంటుంది కనుక ఇదంతా అక్కడ జరుగుతుందని నమ్మవద్దు. అందులోని నీ ప్రాజెక్టు ఫైళ్లకు ఈ వారమే ఒక నకలు తీసి పెట్టు.

పాటలు దొరికాయి కానీ వాటి పేర్లు రాలేదు. ప్రతిదానికీ ఎఫ్ అక్షరం, దాని వెనుక ఒక పొడవాటి అంకె ఉన్నాయి. ఒకదానిలో నాయనమ్మ బతుకమ్మ పాట మధ్యలో ఆగి, పొయ్యి మీద పాలు చూడమని ఎవరినో కేకవేస్తుంది. ఏది ఏ ఏడాది పాడిందో, పక్కన కోరస్ ఎవరో నాకు తెలియదు. రికార్డు చేసింది నువ్వే కదా. సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరం కూర్చొని వాటికి పేర్లు పెడదాము.

మీ నాన్న