ఆ సున్నా ఎక్కడి నుంచి వచ్చింది?

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం చేరింది. దాంతో పాటు పంపిన పాప నోటుపుస్తకం ఫోటోలు కూడా. ఉత్తరం ఒక్కసారే చదివాను కానీ, ఆ పేజీల దగ్గర మాత్రం చాలాసేపు కూర్చున్నాను. పై క్లాసుల లెక్కలకి పుట్టుకతో వచ్చే బుర్ర ఉండాలా, చెప్పేవాళ్ళు బాగా చెప్తే ఎవరికైనా వస్తాయా అని అడిగావు. అడిగిన చేత్తోనే తీర్పు కూడా ఇచ్చేశావు, "మా వంశంలోనే లెక్కలు లేవురా" అని. వంశం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పేజీలు.

ఎక్స్ స్క్వేర్‌కి ఫస్ట్ ప్రిన్సిపుల్స్ నుంచి డెరివేటివ్ కట్టమన్నారు. నువ్వు మర్చిపోయి ఉంటావు కాబట్టి చెప్తాను. డెరివేటివ్ అంటే ఎక్స్ మారుతుంటే అది ఎంత వేగంగా మారుతుందో చెప్పేది. ఎక్స్ ఉన్నచోట ఎక్స్ ప్లస్ హెచ్ పెట్టాలి, అందులోంచి పాతది తీసెయ్యాలి, హెచ్‌తో భాగించాలి, చివర హెచ్‌ని సున్నాకి పంపాలి. పాప ఇదంతా వరస తప్పకుండా చేసింది. జవాబు మాత్రం సున్నా వచ్చింది. ఎక్స్ క్యూబ్‌కీ సున్నాయే. రెండిటినీ ఎర్ర ఇంకుతో కొట్టేసి పక్కన "కాన్సెప్ట్ లేదు" అని రాశారు. కాన్సెప్ట్ నిక్షేపంలా ఉందిరా! పోయింది రెండో లైన్లో. ఎక్స్ ప్లస్ హెచ్ హోల్ స్క్వేర్‌ని ఎక్స్ స్క్వేర్ ప్లస్ హెచ్ స్క్వేర్ అని విప్పింది. అలా విప్పాక ఎక్స్ స్క్వేర్ పోతుంది, హెచ్ స్క్వేర్ మిగులుతుంది, హెచ్‌తో భాగిస్తే హెచ్, అది సున్నాకి వెళ్తే సున్నా. ఆ ఒక్క లైను తప్పిస్తే మిగతా ప్రతి లైనూ ఒప్పే.

మూడో లెక్క ఇంకా బాగుంది. వన్ బై ఎక్స్‌కి డెరివేటివ్. అక్కడ కూడా అదే పని చేసింది, వన్ బై ఎక్స్ ప్లస్ హెచ్‌ని (ఎక్స్, హెచ్ రెండూ కిందే) వన్ బై ఎక్స్ ప్లస్ వన్ బై హెచ్ అని రెండు ముక్కలు చేసింది. దాంతో చివరికి వన్ బై హెచ్ స్క్వేర్ తేలింది. హెచ్ చిన్నదయ్యేకొద్దీ అది అంతూ పొంతూ లేకుండా పెరుగుతుంది. పాప అక్కడ ఆగిపోయి, పక్కన పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టింది. నువ్వు గమనించావో లేదో. అన్ని పేజీల్లోనూ నాకు బాగా నచ్చింది ఆ గుర్తే. నిజంగా లెక్కలు పట్టనివాళ్ళు అక్కడ ఆగరు, ఏదో ఒకటి రాసేసి పేజీ తిప్పేస్తారు.

ఈ తప్పు డెరివేటివ్‌లు కట్టే ఈ కాలిక్యులస్‌లో పుట్టింది కాదు. ఎప్పుడో చిన్న క్లాసులో మూడు ఇంటూ ఎక్స్ ప్లస్ హెచ్ అంటే మూడు ఎక్స్ ప్లస్ మూడు హెచ్ అని చెప్పి ఉంటారు. "బయట ఉన్నదాన్ని బ్రాకెట్లో ఇద్దరికీ పంచు" అన్నారు తప్ప ఎందుకు పంచాలో, ఎప్పుడు పంచకూడదో చెప్పలేదు. పిల్లలు ఆ సూత్రాన్ని నమ్మకంగా వెంటబెట్టుకుని తిరుగుతారు. స్క్వేర్‌ని పంచుతారు, రూట్‌ని పంచుతారు, భిన్నంలో హారాన్ని పంచుతారు, తర్వాత లాగ్‌ని, ఆ తర్వాత సైన్‌ని. క్లాసులు మారుతుంటే అవి వేరువేరు తప్పుల్లా కనిపిస్తాయి కానీ ఉన్నది ఒకటే. చొక్కాకి మొదటి బొత్తాం తప్పు కాజాలో పెడితే కింద చివరి బొత్తాం దగ్గరికి వచ్చేదాకా తెలియదు చూడు, అట్లా. కాలిక్యులస్ ఆ చివరి బొత్తాం.

పాపతో ఒక పని చేయించు. ఎక్స్ ప్లస్ హెచ్ భుజంతో ఒక చతురస్రం గీయమను. లోపల ఎక్స్ భుజంతో పెద్ద చతురస్రం, మూలన హెచ్ భుజంతో చిన్నది. ఆ రెండూ కలిపితే మొత్తం నిండిందా అని అడుగు. నిండదు, పక్కన ఒకటి, పైన ఒకటి, రెండు సన్నటి పట్టీలు ఖాళీగా ఉంటాయి. ఒక్కోదాని వైశాల్యం ఎక్స్ ఇంటూ హెచ్. రెండూ కలిపి హెచ్‌తో భాగిస్తే రెండు ఎక్స్. ఎక్స్ స్క్వేర్‌కి డెరివేటివ్ అదే కదా! తను వదిలేసిన ఆ రెండు పట్టీల్లోనే జవాబంతా ఉందని దానికదే చూడాలి. నువ్వు ముందే చెప్పెయ్యకు.

ఇప్పుడు చెప్పు, ఇది బుర్ర లేకపోవడమా?

బడిలో "దీనికి లెక్కలు రావు" అని ముద్ర వేసే పిల్లల్లో ఎక్కువమంది సంగతి ఇంతే అని నా నమ్మకం. ఎక్కడో ఓ చోట చిన్న తెగుడు, దాని మీద ఏళ్ళ తరబడి కట్టుకుంటూ పోయిన సిలబస్. 8 + 4 = □ + 5 అని ఇచ్చి ఖాళీలో ఏముండాలి అంటే చిన్న క్లాసుల్లో చాలామంది 12 అంటారు. వాళ్ళకి సమానం గుర్తు అంటే "ఇక జవాబు రాయి" అని. రెండు పక్కలూ ఒకటే కావాలనే అర్థం దానికి ఉందని ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లలే రెండేళ్ళు పోయాక సమీకరణాల దగ్గర చతికిలబడతారు. పెద్దవాళ్ళేం తక్కువ కాదు. 1981లో అచ్చయిన పరిశోధన ఒకటుంది, అమెరికాలో ఇంజనీరింగ్ మొదటి ఏడాది వాళ్ళకి ఒక ప్రశ్న ఇచ్చారు, "ఈ యూనివర్సిటీలో ప్రొఫెసర్లకి ఆరు రెట్లు విద్యార్థులున్నారు, దీన్ని సమీకరణంగా రాయండి" అని. మూడో వంతుకి పైగా తప్పు రాశారు. ఎక్కువమంది ఆరుని విద్యార్థుల పక్కన పెట్టారు. పెట్టాల్సింది ప్రొఫెసర్ల పక్కన. ఇంజనీరింగ్ సీటు తెచ్చుకున్నవాళ్ళకి బుర్ర లేదంటావా?

2012లో అచ్చయిన ఇంకో పరిశోధన ఉంది, అమెరికా, బ్రిటన్ పిల్లల్ని ఏళ్ళ పాటు వెంబడించి చూసింది. పది, పన్నెండేళ్ళ వయసులో భిన్నాలూ భాగహారమూ ఎంత బాగా వచ్చో చూస్తే హైస్కూల్లో లెక్కలు ఎలా ఉంటాయో చాలావరకు ముందే చెప్పొచ్చని తేలింది. తెలివితేటల పరీక్ష మార్కులూ ఇంటి ఆదాయమూ లెక్కలోకి తీసుకున్నాక కూడా. నువ్వు కాలిక్యులస్ ట్యూషన్ కోసం వెతుకుతున్నానన్నావు. నన్నడిగితే ముందు భిన్నాలు చూడు. పాప సిగ్గుపడుతుంది, పదకొండో క్లాసులో భిన్నాలేంటని. పడనీ.

టాలెంట్ అనేదే లేదని నేననను. అలా అనేవాళ్ళని చూస్తే నాకు చిరాకు కూడా. గణితవేత్త టెరెన్స్ టావ్ ఎనిమిదేళ్ళ వయసులో, కాలేజీలో చేరబోయేవాళ్ళు రాసే శాట్ లెక్కల పరీక్షలో 800కి 760 తెచ్చుకున్నాడు. దాన్ని ఏ టీచర్ ఖాతాలో వేస్తాం? అచ్చం ఒకేలా ఉండే కవలల లెక్కల మార్కులు మామూలు కవలల మార్కుల కంటే దగ్గరగా ఉంటాయి, అంటే పుట్టుక పాత్ర కొంత ఉన్నట్టే. అటు చివర, నూటికి అయిదుగురు అటూ ఇటుగా పిల్లలకి అంకెలతోనే ఇబ్బంది ఉంటుంది, డిస్‌కాల్క్యులియా అంటారు. దాన్ని బద్ధకమని తిట్టడం పాపం. పాపది మాత్రం అది కాదు, కూడికలూ తీసివేతలూ చకచకా చేసేసింది.

నువ్వు తప్పకుండా రామానుజన్‌ని తెస్తావు, తెలుసు. "ఆయనకి ఎవడు నేర్పాడురా?" అంటావు. కార్ అనే ఇంగ్లండ్ లెక్కల ట్యూటర్ కూర్చిన పుస్తకం ఒకటి కుర్రతనంలో ఆయన చేతికొచ్చింది, వేలకొద్దీ సిద్ధాంతాలతో, నిరూపణలు పెద్దగా లేకుండా. దాన్ని పట్టుకుని ఒక్కోటీ తనే తేల్చుకుంటూ పోయాడు. అది సామాన్యులకి సాధ్యం కాదు, ఒప్పుకుంటాను. కానీ 1913లో ఆయన కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరంలో చాలావరకు ఉన్నది అప్పటిదాకా ఎవరికీ తెలియని గణితం. పాప ముందున్నది మూడొందల ఏళ్ళుగా నలిగి, అరిగి, దారి పడిపోయిన గణితం. న్యూటన్, లైబ్నిజ్ తంటాలు పడి కనిపెట్టినదాన్ని అర్థం చేసుకోవడానికి న్యూటన్ అంత బుర్ర అక్కర్లేదు. మనవాళ్ళు ఈ రెంటినీ ఒకే గాట కట్టేసి, రామానుజన్ కాలేనివాడికి లిమిట్స్ (హెచ్‌ని సున్నాకి పంపడం లాంటివి) కూడా రావని తేల్చేస్తారు.

మరి ఆ టాలెంట్ బడిలో ఏం చేస్తుంది? నాకు తెలిసినంతలో జాన్ క్యారల్ అనే విద్యా మనస్తత్వ శాస్త్రవేత్త 1963లో రాసిన మాట కంటే తెలివైన మాట ఎవరూ చెప్పలేదు. ఒక విషయం నేర్చుకోవడానికి ఒకరికి ఎంత సమయం కావాలో అదే ఆప్టిట్యూడ్ అన్నాడు. వస్తుందా రాదా అని కాదు, ఎంతసేపట్లో వస్తుంది అని. బడి మాత్రం దీన్ని తలకిందులు చేస్తుంది. అందరికీ సమయం ఒకటే, లిమిట్స్‌కి రెండు వారాలు, అర్థమైనా కాకపోయినా మూడో వారం డెరివేటివ్స్. మూడు వారాలు పట్టే పిల్ల అక్కడే ఆగిపోతుంది, తర్వాతి పాఠం సగం మీద మొదలవుతుంది, దాని తర్వాతది పావు మీద. ఏడాది తిరిగేసరికి వారం తేడా కాస్తా "బుర్ర లేదు" అయి కూర్చుంటుంది.

లారెంట్ స్వార్ట్జ్ అని ఫ్రాన్సు గణితవేత్త, 1950లో ఫీల్డ్స్ మెడల్ వచ్చింది, గణితంలో అన్నిటికంటే పెద్ద గుర్తింపుల్లో ఒకటి. స్కూల్లో తను నిదానస్తుణ్ణని, తెలివితక్కువవాణ్ణేమోనని లోలోపల కుమిలిపోయేవాణ్ణని ఆత్మకథలో రాసుకున్నాడు. ఇరాన్‌లో పుట్టిన గణితవేత్త మరియం మీర్జాఖానీకి మిడిల్ స్కూల్ మొదటి ఏడు లెక్కలు సరిగా రాలేదు, ఆ టీచరు ఈ అమ్మాయిలో పెద్ద విషయం లేదనుకున్నారు. మరుసటి ఏడు ప్రోత్సహించే టీచరు దొరికారు. 2014లో ఆమెకీ ఫీల్డ్స్ మెడల్ వచ్చింది, ఆ మెడల్ అందుకున్న మొదటి మహిళ ఆమే. పాపకి మెడల్ వస్తుందని కాదురా నేననేది, నవ్వకు. అంతటివాళ్ళ విషయంలోనే బడి అంచనా తప్పితే, మామూలు పిల్లల మీద వేసే ముద్రకి విలువెంత?

ఇక మంచి టీచరు. నువ్వు "బాగా చెప్పేవాళ్ళు" అన్నావు, అక్కడే నాకు పేచీ. గలగలా చెప్పుకుపోతుంటే వింటున్నంతసేపూ అన్నీ అర్థమైనట్టే ఉంటుంది. హార్వర్డ్‌లో ఫిజిక్స్ క్లాసుల మీద చేసి 2019లో అచ్చువేసిన ప్రయోగం ఒకటుంది. చక్కటి ఉపన్యాసం విన్నవాళ్ళు తాము ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు. చిన్న గుంపులుగా కూర్చుని కుస్తీ పడి లెక్కలు చేసినవాళ్ళు తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. పరీక్షలో రెండోవాళ్ళకే ఎక్కువ వచ్చింది. అందుకని ట్యూషన్ చూడబోతే బోర్డు దగ్గర ఆయన ఎలా చెప్తున్నాడో చూడకు. పిల్ల తప్పు చేసినప్పుడు ఏం చేస్తాడో చూడు. "కాదు, ఇలా" అని తనే చేసి చూపించేస్తే లేచి వచ్చెయ్. "ఇలా ఎందుకు రాశావు?" అని అడిగి, జవాబు కోసం ఆగాడా, ఫీజు ఎంతైనా చేర్పించు.

హైమే ఎస్కలాంటె అనే లెక్కల టీచరు కథ నీకు తెలిసే ఉంటుంది, సినిమా కూడా వచ్చింది. ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో పేద పిల్లలు చదివే గార్ఫీల్డ్ హైస్కూల్లో 1982లో ఆయన దగ్గర చదివిన 18 మంది ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కాలిక్యులస్ పాసయ్యారు, అది హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష. జవాబుల్లో తప్పులు ఒకేలా ఉన్నాయని పరీక్ష పెట్టినవాళ్ళు 14 మందిని అనుమానించారు. వాళ్ళలో 12 మంది మళ్ళీ రాశారు, మళ్ళీ పాసయ్యారు. ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఒక సంగతి ఎగరగొడతారు. ఆయన ఆ బళ్ళో చేరింది 1974లో. కింది క్లాసుల లెక్కలు గట్టిపరచడానికి ఏళ్ళు పట్టింది. ఒక్క ఏడాదిలో మాటలతో ఊపేసి తెచ్చిన ఫలితం కాదది. నువ్వు పాపకి చూపిస్తున్నానన్న ధైర్యం చెప్పే వీడియోల గురించి కూడా ఇదే మాట. అమెరికా అంతటా తొమ్మిదో క్లాసు పిల్లల మీద చేసి 2019లో అచ్చువేసిన పెద్ద ప్రయోగంలో, "తెలివి పెంచుకోవచ్చు" అని నచ్చజెప్పే చిన్న పాఠం వల్ల వెనకబడ్డ పిల్లల మార్కులు కాస్త పెరిగాయి. కాస్తే. చూపించు, తప్పులేదు, కానీ ఆ రెండు పట్టీల బొమ్మకి అది సాటి రాదు.

వంశం సంగతి ఇక విడిగా రాయక్కర్లేదనుకుంటా. నీకూ నాకూ లెక్కలు చెప్పింది ఒకే మనిషి, ఎలా చెప్పేవాడో నీకూ గుర్తుంది. "మా ఇంట్లో ఎవరికీ రావు" అని పాప వినేలా అనడం మాత్రం ఆపెయ్, చెల్లాయిని కూడా ఆపమను.

ఈ ఆదివారం చతురస్రం గీయించాక, తనకి మూడు ప్రశ్నలివ్వు. మూడింట ఒకటి, నాలుగింట ఒకటి కలిపితే ఎంత? తొమ్మిది ప్లస్ పదహారుకి కలిపి రూట్ ఎంత, విడివిడిగా రూట్లు కడితే ఎంత? వన్ బై ఎక్స్ ప్లస్ హెచ్‌లో ఎక్స్‌కీ హెచ్‌కీ రెండేసి వేస్తే ఎంత, తను రెండు ముక్కలు చేసి రాసిందాంట్లో వేస్తే ఎంత? తప్పో ఒప్పో నాకు అక్కర్లేదు. ఎలా ఆలోచించావని అడిగి, తను అన్న మాటలు అన్నట్టే రాసి పంపు, నువ్వు సరిదిద్దకుండా. ఆ ప్రశ్నార్థకం దగ్గర తనకి ఏం తోచిందో కూడా అడుగు.

చెల్లాయికి నమస్కారాలు, పాపకి ఆశీస్సులు.

నీ
మూర్తి